మూడో గ్లాసు

ఆ రోజుల్లో ఏ విస్కీ తాగాలో ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. చెవి వెనక చిన్న బిళ్ళ అంటించుకుంటే చాలు, గ్లాసులో ఏముందో అదే చెప్పేది. తేనె ఉందా, పొగ ఉందా, ఎండుద్రాక్ష ఉందా, ఇది నచ్చితే తర్వాత ఏది రుచి చూడాలి, అన్నీ అదే చెప్పేది. దాని పేరు రుచిదర్శిని. రెండు వేల తొంభై ఒకటి నాటికి అది లేని బారు లేదు. పెళ్ళాం మాట వినని మొగుళ్ళు కూడా దాని మాట బుద్ధిగా వినేవారు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ ఆ మధ్యాహ్నం లంబసింగి కొండమీద, తుషార డిస్టిలరీ హాల్లో గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. యంత్రంలో పెద్ద రహస్యమేమీ లేదు. గ్లాసు అడుగున పల్చటి రుచిపొర, అంటే టేస్ట్ సెన్సర్, ద్రవంలో ఉన్న అణువులన్నిటినీ చదువుతుంది. చెవిబిళ్ళ నాడుల కదలికను పట్టుకుని, మనిషికి ఎంత హాయిగా ఉందో నూటికి లెక్కగడుతుంది. ఆ అంకెకి ఆమె ఆనందాంకం అని పేరు పెట్టింది. ఆ పరికరానికి వాసనల పేర్లు ఒక్కొక్కటీ నేర్పింది మాత్రం ఆమె కాదు, కోరాడ వైకుంఠరావు.

వైకుంఠరావుని అందరూ ముక్కు మాస్టారు అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ డిస్టిలరీలో విస్కీ కలిపేది ఆయనే. అందరూ ఓక్ పీపాల్లో విస్కీని మాగబెడుతుంటే ఆయన పనసచెక్కతో పీపాలు చేయించి, అందులో ఇరవై ఏళ్ళు దాచాడు. పెళ్ళి కూడా చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఆ పీపాలున్నాయి గదా" అనేవాడు.

ఆ పీపాలకే ఇప్పుడు గండం వచ్చిపడింది. నీళ్ళ కరువు చట్టం ప్రకారం ఒక్కో డిస్టిలరీ ఒక్క రకమే ఉంచుకోవాలి. మిగతా సరుకంతా ఆ సాయంత్రమే ఇంధనం కింద పోవాలి. ట్యాంకర్ అప్పటికే గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడింది.

ఉంచే ఆ ఒక్క రకమేదో ఓట్లతో తేల్చడానికి హాల్లోకి వచ్చిన అతిథులందరికీ పేర్లు రాయని మూడు గ్లాసులు పెట్టారు. మొదటిది విదేశీ ఓక్. రెండోది పనసచెక్క. మూడోది రుచీ వాసనా ఏమీ లేని సాదా సారా. రుచిపొర సరిగ్గా చదువుతోందో లేదో చూసుకోడానికి వకుళ పెట్టుకున్న కొలత గ్లాసు అది. వైకుంఠరావు కూడా ఒక కుర్చీలో కూచుని రుచి చూసి, అందరిలాగే చీటీ వేశాడు.

ఫలితం చూసి వకుళ నోరెళ్ళబెట్టింది. మూడో గ్లాసు గెలిచింది! పనసచెక్క ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది.

"ఇదెక్కడి విడ్డూరం?" అనుకుంటూ చేతిలో పలక తెరిచి మూడో గ్లాసు రీడింగులు చూసింది. ఒక కుర్చీలో ఆవపిండి, నువ్వులనూనె. ఇంకో కుర్చీలో పొగాకు. మరోదాంట్లో గంధం సబ్బు. ఒకటే సీసాలోంచి పోసిన సారా, ఒక్కొక్కరి గ్లాసులో ఒక్కో రుచి. అందరి ఆనందాంకమూ ఎనభై దాటింది. తనూ ఒక గుక్క తాగి చూసింది. "ఏమీ లేదు" అంది చెవిబిళ్ళ.

అప్పుడే పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషి కొత్త గ్లాసు అందుకుని, వేలు ముంచి, మూడు చుక్కలు కింద చిలకరించి, ఆ తర్వాతే నోట్లో పోసుకున్నాడు.

వకుళ ఆయన వేలికేసి చూసింది. భూమికి మూడు చుక్కలు వదలందే మనవాళ్ళు చుక్క ముట్టరు. ప్రయోగశాలలో ఎవరూ వేలు ముంచలేదు కాబట్టి ఆ సంగతి ఆమెకి తట్టనేలేదు. పైగా అంతకుముందే ఆవకాయతో భోజనాలయ్యాయి. ఎంత కడుక్కున్నా వేలికి అంటింది పోతుందా? మొదటి రెండు గ్లాసుల్లో విస్కీ ఘాటు వేలి రుచిని మింగేసింది. ఖాళీ సారాలో మాత్రం వేలొక్కటే మిగిలింది. ఎవరికి వాళ్ళు తమని తామే తాగి, ఆహా అనుకున్నారు.

పరుగున వెళ్ళి యజమాని ఉదయభాస్కర్‌కి చెప్పింది. ఆయన నింపాదిగా విన్నాడు.

"యంత్రం తప్పు చదివిందా?"

"లేదండీ. గ్లాసులో ఉన్నదే చదివింది."

"తాగినవాళ్ళకి నచ్చిందా?"

"నచ్చింది. కానీ అది విస్కీ కాదు కదండీ!"

"నచ్చితే విస్కీయే. ఇరవై ఏళ్ళు పీపాలు కాపలా కాసే బాధ తప్పింది నాకు." ఆయన గడియారం చూసుకున్నాడు. "సరే, మీ మాట కాదనడం ఎందుకు? ఒక్క ఓటే కదా తేడా. ఎవరైనా లేచి, నేను పొరపాటున మూడోది ఎంచుకున్నాను అని అందరి ముందూ ఒప్పుకుంటే ఓటు మార్చేస్తాను. ట్యాంకర్‌ని పంపించేస్తాను. అయిదు నిమిషాలు."

వకుళ రీడింగులు వెతికింది. కిటికీ పక్క కుర్చీ దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. మూడో గ్లాసు. పనసచెక్క, తేనెమైనం, పాత కలప. ఆనందాంకం తొంభై మూడు. ఆ కుర్చీలో ఉన్నది వైకుంఠరావు.

ఆయన భోజనానికి కూడా వెళ్ళకుండా పీపాలన్నిటినీ పేరుపేరునా తడిమి వచ్చాడు. ఆ చెక్క జిగురు వేలిమీదే ఉంది. మూడో గ్లాసులో తన వేలి వాసన తనకే కొట్టి, ఇదే నా విస్కీ అనుకున్నాడు పాపం! తన పీపాలని తన చేత్తోనే ఓడించాడు.

ఆమె ఆయన చెవి దగ్గర వంగి గబగబా అంతా చెప్పింది. మాస్టారు తన వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నిజమే సుమీ" అన్నాడు గొణుగుతున్నట్టు. "ఎంత పని సేసేనే వకుళమ్మా!"

"ఏం ఫరవాలేదు మాస్టారూ. లేచి ఒక్క మాట చెప్పండి చాలు. మీ పీపాలు మీకుంటాయి."

ఆయన బల్ల పట్టుకుని లేచాడు. హాలంతా ఇటు తిరిగింది. ఆ తిరిగినవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర వాసన పట్టడం నేర్చుకున్నవాళ్ళే. ఉదయభాస్కర్ దూరం నుంచే నవ్వాడు.

"ఏంటి, ముక్కు మాస్టారే తన సరుకుని గుర్తుపట్టలేకపోయారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "ఛ, ఆయనెందుకు పొరపడతాడండీ!" అన్నారు. వైకుంఠరావు గొంతు సవరించుకున్నాడు. ఒక్క మాట. ఇరవై ఏళ్ళ పీపాలు ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాయి.

"నేనా? సాదా సారాకి ఓటెయ్యడమా?" అన్నాడాయన గట్టిగా. "రెండోదానికే ఏసేను. ఆ ఓటు ఇంకెవరిదో అయ్యుంటాది. ముప్ఫై ఏళ్ళ నాలుక బాబూ ఇది, పొరపడదు."

హాల్లో చప్పట్లు మోగాయి. "మాస్టారూ!" అంది వకుళ. ఆ పిలుపు ఆమెకే వినపడలేదు. ఆయన ఆమెవైపు చూడకుండా వేలిని పంచెకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ కూచున్నాడు.

బయట ట్యాంకర్ గొట్టం తెరిచిన చప్పుడు వినిపించింది. పనసచెక్క వాసన ఒక్కసారిగా కొండంతా కమ్ముకుంది. హాల్లో చప్పట్లు ఇంకా ఆగలేదు. వకుళ తల దించుకుని చేతిలో పలక చూసింది. కిటికీ పక్క కుర్చీ పేరుమీద ఆనందాంకం తొంభై ఎనిమిది చూపిస్తోంది. యంత్రం చెడిపోయిందేమోనని ఆమె ఆయన ముందున్న గ్లాసులు మూడూ ఎత్తి చూసింది. మూడూ ఖాళీగానే ఉన్నాయి.