ఎవరిదో తెలియని చేతిగుర్తు

కురువింద ద్వీపానికి ఒక ఏడు పెద్ద కష్టం వచ్చిపడింది. ఆషాఢంలో పట్టిన గాలివాన పదమూడు రోజులు వదలలేదు. పడవలు విరిగాయి, పశువుల పాకలు కూలాయి, బాటలన్నీ ఇసుకలో పూడుకుపోయాయి. ఆ దేశపు రాజు సైతం కప్పు ఎగిరిపోయిన సభలో గొడుగు కింద కూర్చుని కొలువు తీర్చాడంటే మిగతావాళ్ళ సంగతి నేను వేరే చెప్పాలా?

ఈ కబురు సముద్రానికి ఇవతల ఉన్న మణిమంథ రాజ్యానికి చేరింది. అక్కడ ఒక గురుకులం ఉంది. ఆ గురుకులంలో చదువు ముగియాలంటే ప్రతి విద్యార్థీ ఒక నెల పరదేశంలో ఉండి, కష్టంలో ఉన్నవాళ్ళకు సేవ చేసి రావాలి. ఆ ఏడు ఆచార్య శంఖపాలుడు పన్నెండుమందిని ఓడ ఎక్కించి కురువింద ద్వీపానికి తీసుకువెళ్ళాడు.

ఆ పన్నెండుమందిలో వకుళ ఒకతె. సున్నపు బట్టీ నడిపేవాళ్ళ పిల్ల. పద్నాలుగేళ్ళది. సున్నంలో తుమ్మజిగురు ఎంత కలిపితే వెల్ల పదేళ్ళు రాలకుండా ఉంటుందో ఆ పిల్లకు నిద్రలో అడిగినా తెలుసు. అందరితో కలిసి నవ్వేది గానీ, తనకంటూ ఒక నేస్తం ఉన్నది హేమ ఒక్కతే. పని బాగా చేస్తే అందరూ తనను తలుచుకుంటారని వకుళకు గట్టి నమ్మకం. పాపం, ఒంటరి పిల్లలు చాలామంది అలాగే అనుకుంటారు.

పాకలు నిలబెట్టారు, బాటలు బాగుచేశారు. ఓడ బయలుదేరడానికి ఇంకా నాలుగు రోజులుందనగా వకుళ కన్ను ఊరి చివరి ఇంటి మీద పడింది. అది సింగారవ్వ ఇల్లు. గోడ చెమ్మ పట్టి వెలవెలబోతోంది. దాని మధ్య ఎర్రటి మరక ఒకటి, చేతి ఆకారంలో, చిటికెన వేలు కొంచెం వంకరగా ఉంది. అవ్వ పుల్లలు ఏరుకోవడానికి వెళ్ళింది. ఆవిడ తిరిగి వచ్చేసరికి గోడను తెల్లగా మెరిపించేయాలని వకుళ సరదాపడింది. అడగాలని తోచలేదు. మంచి పనికి అడగడం ఎందుకని అనుకుని ఉంటుంది. రెండు పూతలు వేసింది. మరక కనబడకుండా పోయింది.

అవ్వ వచ్చి గోడను చూసి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. లోపలికి వెళ్ళి అన్నానికి రెండు ఆకులు పరిచింది. ఒకదాని ముందు తను కూర్చుంది. రెండోదాన్ని చాలాసేపు చూసింది.

"ఎవులికి ఏసినానే అమ్మా ఈ ఆకు?" అని గుమ్మంలో ఉన్న వకుళను అడిగింది. "ఏటో... సేతులు వాటంతటవే ఏసీసినాయి. ఈ ఇంట నాను తప్ప ఎవులూ నేరు కదా?"

ఆ మాట అంటున్నప్పుడే ఆవిడ కళ్ళు నిండాయి. ఎందుకు ఏడుస్తోందో ఆవిడకే తెలియదు. వకుళ పరుగున ఊరిపెద్ద జగ్గన్న దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

జగ్గన్న నెత్తిన చెయ్యి పెట్టుకుని చతికిలబడ్డాడు. "ఎంత పని సేసినావు తల్లీ! తేనె కోసం అడివిలోకి ఎల్లేవోళ్ళు జేగురుతో, అదే ఎర్రమట్టితో, గోడ మీద సెయ్యి అద్ది ఎల్తారు. తిరిగొచ్చినాక వోళ్ళ సేతితో వోళ్ళే తుడుసుకోవాల. గుర్తు ఉన్నన్నాళ్ళే ఆ మరపుటడివి మనిషిని తిరిగి పంపుతాది. గుర్తు పోతే మనిషి లోపలే ఉండిపోతాది, ఆ మనిషిని ఎరిగినోళ్ళంతా మరిసిపోతారు."

"అయితే ఆ చెయ్యి ఎవరిది?"

"అదే కదమ్మా! నాకూ తెల్దు. ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవులికీ తెల్దు. సింగారి ఇంటి మనిషి ఎవులో అడివిలో ఉండిపోనాదని మాత్తరం తెలస్తంది."

వకుళ వెనక్కి వెళ్ళి గోడను గీకింది. తన పనితనం మీద తనకే అసహ్యం వేసింది. తుమ్మజిగురు పట్టిన సున్నం పెచ్చులుగా ఊడివస్తూ కింద ఉన్న జేగురును కూడా లాక్కువచ్చింది. ఆచార్యులకు చెబితే ఆయన తల నిమిరి, "మనం మంచికే చేశాంలే అమ్మా. ఇక బయలుదేరే పనులు చూసుకో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. వినే ఓపిక లేనివాడు, అంతే.

మర్నాడు పొద్దున్నే ఆ మనిషిని వెతకడానికి వకుళ ఒక్కతే అడవి అంచుకు వెళ్ళింది. అక్కడ దూడంత ఉడుము ఒకటి దారికి అడ్డంగా పడుకుని ఉంది.

"నీ చేతిగుర్తు ఏ గోడ మీద ఉంది?" అని కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఏ గోడ మీదా లేదు. నాది ఈ దేశం కాదు."

"అయితే లోపలికి దారి ఉంది, బయటికి లేదు. ఈ గీత దాటావంటే నిన్ను ఎరిగినవాళ్ళందరూ ఆ క్షణమే నిన్ను మరిచిపోతారు. ఆలోచించుకో. నాకేం తొందర లేదు."

వకుళ వెనక్కి తిరిగి చూసింది. దూరాన ఇసుక బాట మీద హేమ నిలబడి, రమ్మని చెయ్యి ఊపుతోంది. వకుళ కూడా చెయ్యి ఎత్తి ఊపింది. తరువాత కళ్ళు గట్టిగా మూసుకుని గీత దాటింది. కళ్ళు తెరిచి చూసేసరికి హేమ చెయ్యి గాల్లో సగంలో ఆగి ఉంది. ఆ చేతిని ఎందుకు ఎత్తానా అన్నట్టు హేమ దాన్నే చూసుకుని, దించేసి, వెళ్ళిపోయింది. పిల్లలూ, వకుళకు ఆ రోజు కలిగినంత బాధ మీకెవరికీ కలగకూడదని నా కోరిక.

ఆ అడవిలో పిట్టలున్నాయి గానీ కూయవు. వకుళ "ఓయ్!" అని కేకవేస్తే ఆ కేక ఎక్కడికీ వెళ్ళలేదు, తిరిగి రాలేదు. అలా మధ్యాహ్నం దాకా నడిచింది. అప్పుడు అచ్చంగా వాళ్ళ అమ్మ గొంతు వినిపించింది.

"వకుళా! కాళ్ళు కడుక్కుని రావే, అన్నం చల్లారిపోతోంది."

ఒక్క అంగలో అటు పరుగెత్తింది. అక్కడ అమ్మ లేదు. ఒక గుహ, దాని ముందు బూడిద రాశి ఉన్నాయి. ఆ రాశి మీద తాటిచెట్టంత రాకాసి కూర్చుని ఉంది.

"భయపడకు. నిన్ను తినను" అంది రాకాసి. "ఇక్కడే ఉండిపో. మీ అమ్మ గొంతుతో రోజంతా నీ పేరు పిలుస్తాను. బయట ఇక నిన్ను పిలిచేవాళ్ళు ఎవరున్నారు గనుక?"

అది నిజమే కాబట్టి వకుళకు ఏడుపు ముంచుకొచ్చింది. ఉండిపోవాలని కూడా అనిపించింది, నేనెందుకు దాచాలి? ఏం చేయాలో తోచక అలవాటు కొద్దీ పక్కనున్న చీపురు అందుకుంది. అంతలో నిన్నటి గోడ గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

"ఊడవనా?" అని అడిగింది.

"వద్దు. బూడిద వెచ్చగా ఉంటుంది. అందులోనే పడుకుంటాను" అంది రాకాసి. చీపురు వంక చూసి, "ఇక్కడికి వచ్చినవాళ్ళలో నన్ను అడిగింది నువ్వొక్కదానివే" అంది.

"మరి నీకేం కావాలి?"

రాకాసి చాలాసేపు ఆలోచించింది. "వీపు దురద. మధ్యలో నా చెయ్యి అందదు."

వకుళ గుహ రాతి మీదికి ఎక్కి, చీపురు తిరగేసి, ఆ వీపును బాగా గోకింది. రాకాసి హాయిగా మూలిగి, ఆవులించి, గుర్తు పోయినవాళ్ళు చేరే తేనెపట్టుల కొండకు దారి చూపించింది. పైగా, "అక్కడ యక్షుడుంటాడు. మాటకారి. జాగ్రత్త" అని హెచ్చరించింది.

కొండ కింద ఎర్రమట్టి వాగు ఒడ్డున పదిహేనేళ్ళ పిల్ల ఒకతె తేనెకుండ ఒళ్ళో పెట్టుకుని శూన్యంలోకి చూస్తూ కూర్చుని ఉంది. కుండ మీద ఉన్న చేతికి చిటికెన వేలు వంకర.

"మీది సింగారవ్వ ఇల్లా?" అని వకుళ అడిగింది.

"అవ్వ..." అంది ఆ పిల్ల మెల్లగా. "నాకో అవ్వ ఉన్నాది. నా పేరే నాకు రాటంనేదు. నన్నెవులూ పిలవటంనేదు, అందుకే అనుకుంతాను."

కొండ మీది నుంచి నవ్వు వినిపించింది. మెడలో వాడిన పూలదండతో యక్షుడు దిగివచ్చాడు.

"ఓ పరదేశీ! గుర్తు లేనివారిని విడిచిపెట్టుట నా నియమములో లేదు. అయితే ఒకరికి బదులు ఒకరు నిలిచినచో అడ్డు చెప్పను. నీవు ఉందువా? ఆమె పోవును."

 వకుళ "ఉంటాను" అంది. వాగులోని ఎర్రమట్టిని అరచేతికి పూసుకుని, ఆ పిల్ల తెల్లటి పైబట్ట మీద గట్టిగా అద్దింది. "ఇది నా గుర్తు. మీ ఇంటికి తీసుకెళ్ళు."

యక్షుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెర్రిదానా! గీత దాటగానే ఆమె నిన్ను మరచును. బట్టకు మరక అంటినదని ఉతికివేయును!"

"ఉతకదు" అంది వకుళ. "ఎవరిదో తెలియని గుర్తును చెరిపేసేది మేము. వాళ్ళు చెరపరు."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ తరువాత వాగు పక్కన వకుళ ఒక్కతే మిగిలింది.

మొదటి రోజు వకుళ అందరి పేర్లూ పైకి చెప్పుకుంది. రెండోరోజు ఆచార్యుల పేరు రాలేదు. మూడోరోజు బట్టీ దగ్గర అమ్మ ఏ రంగు చీర కట్టుకునేదో గుర్తు రాలేదు. ఆ మూడోరోజే పన్నెండుమందిని తెచ్చిన ఓడ పదకొండుమందితో తెరచాప ఎత్తింది. ఒక మూట ఎవరిదో ఎవరికీ తెలియక దాన్ని ఒక మూల పడేశారు.

ఇక ఊళ్ళో ఏం జరిగిందో చెబుతాను. ఆ పిల్ల గీత దాటి ఇంటి ముందుకు రాగానే సింగారవ్వ చేతిలోని చేట జారిపోయింది. "పైడీ! నా తల్లీ, పైడీ!" అంటూ మనవరాలిని వాటేసుకుంది. ఊరంతా పైడిని తలుచుకుని పరుగెత్తుకొచ్చింది. కాసేపటికి అవ్వ కన్ను పైబట్ట మీద పడింది.

"ఇదెవులి సెయ్యే?"

"తెల్దు అవ్వా. ఎలా అంటినాదో తెల్దు."

"మరకలా ఉన్నాది. ఉతికేస్తే పోద్ది కదా?" అన్నారు పక్కింటివాళ్ళు.

అవ్వ వాళ్ళను కసిరింది. "నోరుముయ్యండి! సెయ్యి అంటే మనిషి. ఎవులో ఒకతి రావాల్సుంది." ఆ బట్టను గోడకు మేకులు కొట్టి బిగించింది. ప్రతి సాయంత్రం అడవి అంచుకు వెళ్ళి, పేరు తెలియక, "సెయ్యి పెట్టినదానా! ఇంటికి రాయే!" అని పిలిచింది. పైడి కూడా గొంతు కలిపింది.

గోడ మీది గుర్తును కళ్ళారా చూసి యక్షుడికి చెప్పడం ఉడుము పని. అది మొదటి సాయంత్రమే చూసింది. కానీ కొండ దాకా నడవడానికి దానికి అయిదు రోజులు పట్టింది. తొందరలేదని ముందే చెప్పింది కదా!

ఆరోరోజు పొద్దున యక్షుడు ముఖం ముడుచుకుని వకుళ ముందు నిలబడ్డాడు. "పొమ్ము. నీ గుర్తు నిలిచియున్నది. నీ ముఖమైనను ఎరుగనివారు నీకై ఎదురుచూచుచున్నారు. ఇట్టిది నేనెన్నడూ వినలేదు."

వకుళ పడుతూ లేస్తూ పరుగెత్తి సాయంత్రానికి గీత దాటింది. దాటగానే పైడి "నువ్వే! నా బదులు ఉండిపోనావు!" అని అరిచి ఆమె కాళ్ళకు చుట్టుకుంది. సింగారవ్వ ఆమెను ఇంటికి తీసుకువచ్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, వకుళ చేతులకు ఇచ్చి, గోడకు కొట్టిన బట్ట మీది ఎర్రని గుర్తును ఆమె చేతనే తుడిపించింది. తరువాత దగ్గర కూర్చోబెట్టుకుని బువ్వ కలిపి పెట్టింది.

కానీ రేవు ఖాళీగా ఉంది. వకుళ నాలుగు రోజులు ఇసుకలో కూర్చుని సముద్రాన్నే చూసింది. ఇక్కడ ఆదరించేవాళ్ళున్నారు, నిజమే. అయినా తనను వదిలి తనవాళ్ళ ఓడ వెళ్ళిపోవడం చిన్న సంగతి కాదు కదా. ఏడుపు వచ్చినప్పుడల్లా పైడి పక్కకు వచ్చి కూర్చునేది, మాట్లాడించేది కాదు.

వకుళకు తెలియని సంగతి ఒకటుంది. ఆమె గీత దాటిన క్షణంలోనే, నడిసముద్రంలో హేమ "వకుళ ఏదీ?" అని గావుకేక పెట్టింది. పదకొండుమందికీ ఆచార్యులకూ ఒకేసారి ప్రాణాలు పోయినంత పనయింది. గాలి ఎదురు. అందుకని తెరచాప దించి అందరూ తెడ్లు పట్టారు. ఆచార్యులు కూడా పట్టాడు. ఆయన అరచేతులు పొక్కి నెత్తురు కారినా తెడ్డు వదలలేదు.

అయిదోరోజు పొద్దున ఓడ రేవుకు వచ్చింది. అది ఆగకముందే హేమ నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ వచ్చి వకుళను పట్టుకుంది. ఇద్దరూ ఎంతసేపు ఏడ్చారో నేను లెక్కపెట్టలేదు. ఆచార్యులు తడిబట్టలతోనే సింగారవ్వ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"అవ్వా, నెల రోజులుండి కూడా నిన్నొక్క మాట అడగలేదు. అసలు నీకేం కావాలి?"

సింగారవ్వ ఆయనను ఎగాదిగా చూసింది.

"గోడకేటయ్యింది బాబూ? గోడ బాగానే ఉండేది. కప్పు కారతంది. గాలివాన్నాటి నుంచీ నానూ నా పిల్లా మూల నక్కి కూకుంటన్నాం. ఎవులైనా అడుగుతారేమోనని సూసినాను."

 వకుళే ముందు లేచి, తాటాకులు ఎక్కడ దొరుకుతాయో, ఎలా పరవాలో పైడిని అడిగింది. పన్నెండుమందీ పైడి చెప్పినట్టు ఆకులు కోసి, ఎండబెట్టి, వారం రోజుల్లో కప్పు నేశారు. ఆ తరువాత ఓడ ఎక్కి క్షేమంగా మణిమంథకు చేరారు. కొన్నేళ్ళకు వకుళ ఆ గురుకులానికే ఆచార్యురాలై చాలాకాలం చల్లగా పాలించింది. కురువింద ద్వీపంలో ఆ కప్పు వేసిన మూడోరోజే పెద్ద వాన కురిసింది. సింగారవ్వా పైడీ ఇంటి నడిమధ్య చాప వేసుకుని, కాళ్ళు బారచాపుకుని పడుకున్నారు.