ఎడమచేతి ఇనుము

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో సిద్దిరాములు కొలిమి. ట్రాక్టర్లు వచ్చి నాగళ్ల పని మింగేశాక అది మూతపడాల్సిందే. పడనివ్వలేదు, అతన్ని పెద్దబాపూ అని పిలిచే పల్లవి. డిగ్రీ అయిపోగానే వచ్చి సుత్తి పట్టింది. చేసే పనిని ఫోన్లో వీడియోలు తీసి పెట్టింది. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో అడిగి మరీ కత్తులు చేయించుకుంటున్నారు.

ఆ శ్రావణంలో వచ్చిన ఆర్డరు మాత్రం దగ్గరిదే. నాగిరెడ్డిపేటలో పొలాలున్న కామారెడ్డి శైలేందర్ కారు దిగి, ఒక గోనెసంచి కొలిమి ముందర పడేశాడు. చీపురుపుల్ల అందుకుని, బూడిదలో కుడిచేత్తో బొమ్మ గీశాడు.

"నేపాలోళ్ల కుక్రీ లెక్క ముందుకు వంగాలె. పిడి మా తాత జంబియా బాకుది, నిజాం కాలంది, ఒంటె ఎముకది. జపానోళ్ల కత్తుల మీద అలలుంటయి చూడు, గవి గూడ రావాలె. ఇనుము మాత్రం మా పొలంల షెడ్డుది. మా భూమి వాసన ఉండాలె."

"మూడు తీర్ల కత్తులు, ఒక్క పొలం. ఇంకేమన్న యాది మర్చినరా సార్?" అంది పల్లవి.

"నోరు బాగనే ఉన్నది."

"దానికి గూడ నేనే పదును పెట్టుకుంట సార్."

నవ్వి వెళ్లిపోయాడు. తన పొలంలో మోటర్లు చూసే బీరయ్యకు ఒక బిడ్డ ఉందని విని ఉంటాడేమో. ఆ బిడ్డ పల్లవే అని తెలియదు, ముఖమైతే ఏనాడూ చూసి ఎరగడు.

సంచి గుమ్మరిస్తే విరిగిన నాగలి కర్రులు, తలుపు బందులు పడ్డాయి. వాటి అడుగున ఒక కొడవలి.

పల్లవి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఎందుకో చేతికి కుదరలేదు. తిప్పి చూసింది. అందరి కొడవళ్లకూ పదును ఒక దిక్కు, దీనికి ఇంకో దిక్కు. సిద్దిరాములు తన బతుకంతా కలిపి ఇలాంటిది ఒక్కటే చేశాడు, ఎడమచేతివాటం లింగవ్వ కోసం.

లింగవ్వ పల్లవికి అవ్వ. కన్నతల్లి.

రెండేళ్ల కింద కోతల రోజుల్లో, నాగిరెడ్డిపేట దగ్గర పోచారం కాల్వలో ఆమె శవం తేలింది. కల్లు తాగి పడ్డదన్నారు. ఆ మాట మొదట అన్నది బాపు బీరయ్యే. "మరి అవ్వ ఎడమ అరచేతిల కాలిన గీత ఏంది? కొడవలి ఏది?" అని పల్లవి ఊళ్లో అడగని మనిషి లేడు, ఎక్కని ఠాణా మెట్లు లేవు. ఠాణా వాళ్లు గెంటేశారు.

జవాబు ఇప్పుడు చేతిలో ఉంది. కొడవలి మొన దగ్గర ఇనుము కరిగి ముద్దకట్టి ఉంది. అడవి పందులకని చేను చుట్టూ కడతారే, ఆ కరెంటు తీగ తగిలితేనే ఇనుము అలా కరుగుతుంది.

సిద్దిరాములు కూడా చూశాడు. "బిడ్డా, ఇది పక్కకు పెట్టు. ఠాణాకు పోదాం."

"అప్పుడు నన్ను ఎట్ల ఎల్లగొట్టిన్రో మరిచినవా పెద్దబాపూ? శవం బూడిదైంది. ఈ తుప్పు ముక్కను చూసి లేచి నిలబడతరా?"

ముసలాయన లేచి, నిప్పుల్లోకి గాలి కొట్టే బ్లోయర్ ఆన్ చేశాడు. "అయితే పద్ధతి తప్పకు. సచ్చినోళ్ల పనిముట్టును నిప్పుల పెట్టేముందు దాని మీద నీళ్లు పొయ్యాలె. పేరు పెట్టి పిలిచి, నీ పని అయిపోయింది అని చెప్పాలె. చెప్తెనే పట్టు ఇడుస్తరు."

పల్లవి చెంబుతో నీళ్లు తెచ్చింది. కొడవలి మీద పోసింది. బ్లోయర్ రొదలో ముసలాయనకు వినబడకుండా వంగి, పెదవులు ఇనుముకు ఆనించి చెప్పింది.

"లింగవ్వా... నీ పని అయిపోలే."

లారీ కమాను పట్టీల నడుమ కొడవలిని పేర్చింది. ఇనుము అతుక్కోవడానికి వెలిగారం చల్లి కాల్చింది, కొట్టి మడిచింది, మళ్లీ కాల్చింది. మొదటి దెబ్బకే కొలిమి నిండా కోసిన వరి వాసన లేచింది. ఆ వెనకే కాలిన చర్మం కమురు. ఎర్రటి కత్తిని నూనెలో ముంచితే బుస్సుమనాలి. అనలేదు. ఎవరో నీళ్లలోంచి తల పైకెత్తి, నోరారా ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది.

సానబట్టి తుడిచాక అలలు తేలాయి. నీళ్ల అలలు కావవి. గాలికి ఒక్క దిక్కే వంగిన వరి.

కత్తి ఇచ్చేందుకు కామారెడ్డి చేరేసరికి పొద్దుగూకుతోంది. ముసురు. వీధంతా కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో శైలేందర్ ఒక్కడే ఉన్నాడు. బట్ట విప్పగానే చెయ్యి చాపాడు.

ఎడమ చెయ్యి.

"పిడి ఎట్లున్నది సార్?"

"నేను పట్టుకున్నట్టు లేదు పిల్లా... అదే నన్ను పట్టుకున్నట్టున్నది." నవ్వబోయాడు. కత్తిని బల్ల మీద పెట్టబోయాడు. వేళ్లు తెరుచుకోలేదు.

గదిలో సన్నగా... జుమ్మ్‌మని... తీగ మోగుతున్నట్టు...

"కరెంటు లేదు గదా..." గుసగుసగా అన్నాడు. "మరి గీ సప్పుడేంది?"

"మా అవ్వ పేరు లింగవ్వ సార్."

అతని ముఖం పాలిపోయింది. నడుము తనంతట తానే వంగింది. కుడిచెయ్యి ముందుకు సాగి, అక్కడ లేని వరిదుబ్బును గుప్పిట పట్టింది. ఎడమచెయ్యి కోసింది. సర్రున. మళ్లీ. కోత కోతకూ కత్తి అతని కాళ్ల దిక్కే జరుగుతోంది.

"తీగె కట్టమన్నది నేనే... కాల్వ దాక కాళ్ల దిక్కు పట్టి మోసింది నేనే... గని ఆ పొద్దు కరెంటు పెట్టింది... తల దిక్కు పట్టింది... మీ..."

దవడ బిగుసుకుపోయింది.

పల్లవి తలుపు దగ్గరికి లాగి బయటపడింది. వానలో తడుస్తుంటే ఒళ్లంతా చల్లబడ్డట్టు, రెండేళ్ల తర్వాత ఆకలేసినట్టు అనిపించింది. బస్సులో కూర్చున్నాక మాత్రం అతను సగంలో మింగేసిన 'మీ...' అన్న మాట ముల్లులా గుచ్చింది.

ఆ పొలంలో మోటర్లు చూసేది ఎవరు? కరెంటు పెట్టేది ఎవరు?

కల్లు తాగి పడ్డదని మొదట అన్నది ఎవరు?

ఎల్లారెడ్డిలో దిగి, ఆటో పట్టుకుని నాగిరెడ్డిపేట చేరి, బాపు ఇంటి వాకిట్లోకి ఉరికింది. లోపల దీపం. గోడకు మొహం పెట్టి కూర్చున్నాడు బాపు. ముందర చేటలో తోటకూర.

కసక్... కసక్...

"బాపూ..." గడప దాటబోయి ఆగింది. "ఎడమ చేత్తోని ఎందుకు కోస్తున్నవ్?"

"ఎవరు, నేనా?" తిరగలేదతను. "వచ్చినవా బిడ్డా. మీ అవ్వ కోస్తున్నట్టే అయితున్నది ఇయ్యాల."

పల్లవి బిందె ఎత్తి అతని చేతి మీద కుమ్మరించింది. "అవ్వా! నీ పని అయిపోయింది. అయిపోయిందే అవ్వా... ఇడిచిపెట్టు... మన బాపే గదా..."

బీరయ్య తడిసిన చేతిని దీపం దగ్గరికి తెచ్చుకుని వింతగా చూసుకున్నాడు. వేళ్లు పిడి మీద బిగిసినట్టు మూసుకుని ఉన్నాయి. లోపల ఏమీ లేదు. కత్తి కామారెడ్డిలోనే ఉంది.

చేటలో కాడలు మాత్రం ఒకదాని వెనక ఒకటి తెగిపడుతూనే ఉన్నాయి... అతని మోకాలి దిక్కుగా.