ఇంట్లోనే ఉన్నాడు

మెలకువ రాగానే ఇదలీనా ముందు చెవులు రిక్కించేది. వంటింట్లోంచి మొగుడి దగ్గు వినబడేది. అప్పుడుగానీ కళ్ళు తెరిచేది కాదు. నాలుగు నెలలుగా ఆమెకు ఇలాగే తెల్లవారుతోంది.

ఆ శనివారం లేచి వెళ్ళేసరికి విటలీనో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు. ఎడమ చీలమండకు నల్లటి పట్టీ. టీవీ పక్కన చిన్న పెట్టె. అతను గుమ్మం దాటితే ఆ పెట్టె వెంటనే అధికారులకు చెప్పేస్తుంది. చరస్ మోసే స్పీడ్ బోట్లకు ఇంజన్లు బాగుచేశాడని కేసు. విచారణ మొదలయ్యేదాకా జైల్లో ఉండాల్సిన మనిషిని, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే ఇంట్లోనే ఉంచుతామన్నారు. అధికారి కాగితం చదవడం పూర్తవకముందే ఇదలీనా సంతకం పెట్టేసింది.

"ముప్పై ఏళ్ళు నీవల్ల కానిది, కోర్టువాళ్ళు అయిదు నిమిషాల్లో చేశారు చూడు" అన్నాడతను కాలు ఊపుతూ.

"నోరు కూడా కట్టాల్సింది. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

ఇద్దరూ నవ్వారు. ఈ నవ్వు కూడా కొత్తదే. పడవ పనుందని వెళ్ళి రెండు రోజులకు తిరిగొచ్చే మనిషి అతను. పక్క ఊరు తవీరాలో ఒక విధవరాలి ఇంటి ముందు అతని మోపెడ్ చూసినవాళ్ళు, ఇదలీనా పనిచేసే సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో ఆమె రాగానే మాట మార్చేసేవారు. ఎక్కడికి వెళ్ళావని ఆమె ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం.

పదకొండింటికి నిఘా విభాగం అధికారి గ్రాసిండా వచ్చింది. మూడు నెలలకోసారి ఆమె కోర్టుకు రిపోర్టు రాయాలి. విటలీనోతో మాట్లాడాక వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"మంచి మాటే చెప్పాలమ్మా. నా రిపోర్టు బాగుంటే పట్టీ తీసేయవచ్చు. వారానికి రెండుసార్లు స్టేషన్లో సంతకం పెడితే చాలు."

"అంటే... బయటికి వెళ్ళొచ్చా?"

"ఎక్కడికైనా. మీతో ఒక్కమాట. పారిపోయే ఆలోచన లాంటిది ఎప్పుడైనా కనిపించిందా?"

ఇదలీనా సింకులోని గిన్నె వైపు చూసింది. లేదు అనడానికే నోరు తెరిచింది.

"స్పెయిన్ అంటుంటాడు" అంది. "సరిహద్దు ఎంత దూరమని అడిగాడు."

ఆ మాట తన గొంతులోంచే వచ్చిందని తెలియడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. గ్రాసిండా రాసుకుంది. ఆ రోజంతా ఇదలీనాకు వింతగా తేలిగ్గా అనిపించింది. చేపలు వేయిస్తూ కూనిరాగం కూడా తీసింది.

పది రోజుల తర్వాత లాయర్ ఫోన్ చేశాడు. విటలీనో విన్నాడు, పెట్టేశాడు, కుర్చీలో కూర్చున్నాడు.

"గురువారం కోర్టుకు రమ్మన్నారు. నేను స్పెయిన్ పారిపోయేలా ఉన్నానని రిపోర్టులో ఉందట. జైలుకు పంపమని ప్రాసిక్యూటర్ అడుగుతున్నాడు."

ఇదలీనా చేతిలోని గుడ్డ జారిపోయింది. "జైలుకా? జైలెందుకు? ఇక్కడే ఉంచుతారుగా!"

అతను తలెత్తి చూశాడు. "స్పెయిన్ సంగతి నేనెప్పుడన్నానే?"

ఆమె వంగి గుడ్డ తీసుకుంది.

"నన్ను లోపల వేయించాలనుకున్నావా? నిజం చెప్పు. తప్పు పట్టను. నువ్వు పడ్డదానికి అది తక్కువే."

"వేయించాలని కాదు" అంది ఆమె. "ఉంచుకోవాలని. ముప్పై ఏళ్ళు నువ్వెక్కడున్నావో ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. ఈ నాలుగు నెలలే నాకు తెలిసింది. దుంపలు ఒలిచావు, నాతో కూర్చుని తిన్నావు..."

"దుంపలా!" అతను నవ్వాడు. ఆ నవ్వు వినలేకపోయింది. "వేరే పనేముందని ఒలిచాను? గోడలు చూడలేక ఒలిచాను. అవి చూసి మురిసిపోయావా, పిచ్చిదానా?"

"అంతేనా? ఒక్కరోజైనా నాకోసం..."

"ఏమో!" అరిచాడతను. తర్వాత మెల్లగా అన్నాడు: "నాకే తెలీదు. తలుపు తీసి ఉంటే ఉండేవాణ్ణో, పోయేవాణ్ణో. అది చూద్దామనే అనుకున్నాను. నువ్వు చూడనివ్వలేదు."

గురువారం కోర్టులో ఇదలీనా లేచి నిలబడి, తాను అబద్ధమాడానని చెప్పింది. ఎందుకని జడ్జి అడిగాడు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళెవరైనా వెనక కూర్చున్నారేమోనన్న భయం కూడా ఆ క్షణంలో లేదు. "ఇంట్లో ఉంటాడని" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి నవ్వలేదు. అబద్ధపు సాక్ష్యం ఎంత పెద్ద తప్పో చాలాసేపు చెప్పాడు. ఆ మాటలు ఎవరి గురించో అన్నట్టు ఆమె విన్నది.

జైలు వద్దు, పట్టీ తీసేయమని జడ్జి చెప్పడంతో సోమవారం గ్రాసిండా వచ్చి దాన్ని కత్తిరించింది. పెట్టె సంచీలో వేసుకుని, ఇదలీనా ముఖం చూడకుండా వెళ్ళిపోయింది.

విటలీనో చీలమండ రుద్దుకున్నాడు. బూట్లు తొడుక్కుని తలుపు దాకా వెళ్ళాడు.

"ఎక్కడికి?" పెళ్ళయ్యాక మొదటిసారి అడిగింది ఇదలీనా.

"తెలీదు. కాస్త నడవాలి."

"వస్తావా?"

అతను ఆలోచించాడు. కోర్టులో ఆమె ఒంటరిగా నిలబడ్డ తీరు గుర్తొచ్చిందో ఏమో, వెనక్కి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "అదీ తెలీదు, ఇదలీనా. అబద్ధం చెప్పలేను."

చెప్పి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. అతని అడుగులు మెట్లు దిగి, రేవు వైపు వెళ్ళే సందులో వినబడకుండా పోయాయి.

ఈ నాలుగు నెలల్లో ఏమేం మాట్లాడుకున్నామా అని గుర్తు తెచ్చుకోబోయింది. ఒక మధ్యాహ్నం అతను వాళ్ళ నాన్న గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పడవ మునిగిన రోజు తనూ అందులోనే ఉన్నానన్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదన్నాడు. ఆమె తల ఊపుతూ తలుపు గడియ వైపు చూసింది. తర్వాత అతనేం చెప్పాడో, ఎక్కడ ఆపేశాడో ఎంత తడుముకున్నా దొరకలేదు. ఉన్నాడా లేడా అన్నదొక్కటే చూసుకుంది. ఉన్నవాడు చెబుతున్నది వినలేదు.

ఇదలీనా అతను లేచిన కుర్చీలోనే కూలబడి, ఎవరూ వినరన్న ధైర్యంతో పైకే ఏడ్చింది.