భయం గాజు

"ఇప్పుడు మీ వెనక ఒక మనిషి వచ్చి నిలబడతాడు. మీకేమీ కాదు. తల తిప్పకుండా అలాగే కూర్చోండి," అన్నాడు డాక్టర్ శశాంక్.

నూకరత్నం సరేనని తలూపింది. ఆమె ఎడమ చేతికి బూడిదరంగు గాజులాంటిది ఒకటి ఉంది. ఎదురుగా గోడమీది తెరపై ముప్పై ఎనిమిది అన్న అంకె నిలకడగా వెలుగుతోంది. శశాంక్ సైగ చేయగానే ఒక కానిస్టేబుల్ బూట్లు విప్పేసి, పిల్లిలా నడిచొచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. చప్పుడు కాకపోయినా ఆమెకు తెలిసిపోయింది. అంకె యాభై దాటింది, డెబ్బై దాటింది. ఎనభై ఆరు దగ్గరికి వచ్చేసరికి నూకరత్నం కుర్చీలోంచి లేచిపోయి, గోడకు వీపు ఆనించి నిలబడింది.

"ఒగ్గేయండి బాబూ. నావల్ల కాదు," అంది. 

కానిస్టేబుల్‌ను బయటికి పొమ్మని, ఇన్‌స్పెక్టర్ హైమవతి స్వయంగా మంచినీళ్లు తెచ్చి ఆమెకిచ్చింది. కొత్తరేవు పోలీసు కమిషనరేట్‌లో బాధితుల సహాయ కేంద్రాన్ని నడిపేది ఆమే.

ఆ కేంద్రం వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అంతకుముందు నేరం చేసినవాడి కోసం పోలీసుల దగ్గర జీపులుండేవి, కుక్కలుండేవి, ఆకాశంలో తిరిగే డ్రోన్లు కూడా ఉండేవి. దెబ్బ తిన్న మనిషికి మాత్రం ఒక బల్లే దిక్కు. దానిమీద కూర్చుని, జరిగింది చెప్పి, సంతకం పెట్టి, వచ్చిన దారినే ఇంటికి పోవాలి. కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇచ్చాక కొత్తరేవులో ఆ పరిస్థితి మారింది. స్టేషన్ వెనక పాత ఆయుధాల గదులు పడగొట్టి, ఆడవాళ్లు కొన్నాళ్లు తలదాచుకోవడానికి ఒక వసతి కట్టారు. కౌన్సెలర్ సుగుణ వచ్చింది. కోర్టుకు వెంట వెళ్లే మనిషి వచ్చాడు. ఒక వ్యాన్ వచ్చింది. ఇదంతా హైమవతి నాలుగు గుమ్మాలెక్కి దిగి సాధించుకున్నదే.

అయితే గ్రాంటు ఇచ్చేవాళ్లు ఒక మెలిక పెట్టారు. ఎంతమందికి సాయం చేశారన్న లెక్క తమకు అక్కర్లేదన్నారు. సాయం పొందినవాళ్లలో భయం తగ్గిందా లేదా, అదొక్కటే చూస్తామన్నారు. భయాన్ని కొలవడానికి శశాంక్ తయారుచేసిన యంత్రమే ఈ గాజు. కేంద్రానికి వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లినా దాన్ని చేతినుంచి తీయకూడదు. చర్మం మీద చెమ్మ, నాడి కొట్టుకునే తీరు, గొంతులో మనకు వినపడని వణుకు, ఈ మూడింటినీ కలిపి సున్నా నుంచి వంద వరకు ఒక అంకె వేస్తుంది. ఆ అంకె ముప్పైకి దిగితే మనిషి కోలుకున్నట్టు. కాగితాల మీద దానికి పొడవాటి ఇంగ్లీషు పేరుంది కానీ, పెట్టుకున్న ఆడవాళ్లంతా దాన్ని భయం గాజు అనే అనేవారు.

నూకరత్నం ఆటో నడుపుతుంది. కొత్తరేవులో బ్యాటరీ ఆటోలు నడిపే ఆడవాళ్లలో ఆమె పాతకాపు. ఒక సాయంత్రం హార్బర్ రోడ్డులో ఎక్కినవాడు, గోదాముల మలుపు దగ్గర వెనకనుంచి ఆమె మెడకు తువ్వాలు బిగించాడు. మెళ్లో గొలుసు, సంచిలో డబ్బులు తీసుకుని, ఆమె చచ్చిందనుకుని పోయాడు. ఆమె చావలేదు. కానీ ఆ తర్వాత తన వెనక ఎవరైనా ఉంటే ఊపిరి ఆడదు. ఆటో నడిపేవాళ్ల వెనకే కదా ఎవరైనా కూర్చునేది! బండి ఇంటిముందు అలాగే ఉండిపోయింది.

సుగుణ ఆమెతో వారాల తరబడి ఓపికగా మాట్లాడింది. అంకె కొంచెం దిగేది, మళ్లీ ఎక్కేది. ఒక్క నూకరత్నం అనే కాదు, కేంద్రానికి వచ్చేవాళ్లలో సగంమందికి ముప్పై అందనంత దూరంలోనే ఉంది. ఢిల్లీనుంచి సమీక్షకు వచ్చే రోజు దగ్గరపడింది. అంకెలు ఇలాగే ఉంటే గ్రాంటు ఆగిపోతుంది. ఆగితే వసతికి తాళం పడుతుంది. అప్పుడు అందులో ఉన్న ఆడవాళ్లు ఏ ఇంటికి భయపడి వచ్చారో ఆ ఇంటికే వెళ్లాలి.

ఆ మధ్యాహ్నం శశాంక్ తీగలు చుట్టుకుంటుంటే హైమవతి అడిగింది. "భయం త్వరగా తగ్గాలంటే ఏం చేయాలి డాక్టర్‌గారూ?"

"భయానికి కారణం పోయిందని మెదడుకు తెలియాలి మేడమ్. పాము పోయిందని తెలిస్తే గుండె దానంతటదే కుదుటపడుతుంది."

"తెలియాలా? నమ్మితే చాలా?"

శశాంక్ కొంచెం ఆలోచించి, తన యంత్రం గురించి ఎవరైనా తెలివైన ప్రశ్న వేస్తే కలిగే సంతోషంతో నవ్వాడు. "గాజుకు ఆ రెండింటికీ తేడా తెలియదు మేడమ్."

నూకరత్నం చెప్పులు వేసుకుంటూ వరండాలో ఉంది. హైమవతి బయటికి వచ్చింది. చెప్పాలని అనుకుని వచ్చిందో, వచ్చాక నోరు జారిందో తర్వాత ఎన్నిసార్లు తర్కించుకున్నా ఆమెకే తేలలేదు.

"నూకరత్నంగారూ, వాడు దొరికాడు."

నూకరత్నం చెప్పు చేతిలో అలాగే పట్టుకుని తలెత్తింది. "ఎవరండీ? ఆడేనా?"

"వాడే. వేరే జిల్లాలో ఇంకో కేసులో దొరికాడు. జైల్లో ఉన్నాడు. మీరు కోర్టుకు రావలసిన పని కూడా లేదు."

అబద్ధానికి ఆసరాగా ఇంకో అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చి నిలబడిందో! నూకరత్నం మెట్టుమీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడ్చేసింది. లోపల తెరమీద అంకె దిగసాగింది. అరవై, నలభై అయిదు, ముప్పై రెండు. చివరికి ఇరవై ఏడు దగ్గర నిలిచింది. శశాంక్ కిటికీలోంచి తల బయటపెట్టి, "అద్భుతం మేడమ్!" అన్నాడు. అతనికి ఏ పాపమూ తెలియదు.

మర్నాడు నూకరత్నం ఆటోలో వచ్చింది. బండి కడిగి, అద్దానికి బంతిపూల దండ వేసింది. "మొదటి బేరం మీదే మేడమ్‌గారూ. ఎక్కండి, ఇంటికాడ దింపేస్తాను," అంది. వద్దంటే వినలేదు. హైమవతి ఎక్కి, ఆమె వెనక కూర్చుంది. దారి పొడుగునా నూకరత్నం కబుర్లు చెబుతూనే ఉంది. ముందురోజు అన్నం సహించిందట, కళ్లు మూసుకుంటే నిద్ర పట్టిందట. హైమవతికి ఆమె మాటలు సగమే వినపడ్డాయి. తువ్వాలు కోసిన గీత ఆమె మెడమీద ఇంకా నల్లగా ఉంది. ఆ మెడ తన చేతికి అందేటంత దగ్గరలో, ఏ అనుమానమూ లేకుండా, నిశ్చింతగా ఉంది. హైమవతి రోడ్డు వైపు చూడబోయింది. చూపు మళ్లీ అక్కడికే వచ్చింది. దిగేటప్పుడు ఎంత ఇవ్వబోయినా నూకరత్నం పుచ్చుకోలేదు.

ఆ వారంలో హైమవతి ఇంకొందరికి కూడా ఇలాంటి మాటలే చెప్పింది. సుగుణకు అనుమానం వచ్చి, "ఇంతమంది ఒకేసారి ఎలా దొరికారు మేడమ్?" అని అడిగితే, "నీ పని నువ్వు చూసుకో," అని కసిరింది. సమీక్ష జరిగింది. గ్రాంటు కొనసాగింది. వసతిలో ఆడవాళ్లు ఆ సాయంత్రం పాయసం వండుకుని ఆమెకూ ఒక గిన్నె పంపారు. ఆమె అది తినలేకపోయింది, పారబోయలేకపోయింది. చివరికి డ్యూటీ కానిస్టేబుల్‌కు ఇచ్చేసింది.

నూకరత్నం భయం పోయిందంటే ఆమె ఒక్కదాని భయం పోవడం కాదు. ఆటో స్టాండులో ఆడవాళ్లంతా ఆ ఘటన తర్వాత హార్బర్ రోడ్డుకు ఒంటరి బేరాలు మానేశారు. వెళ్లాల్సి వస్తే రెండు బండ్లు కలిసి వెళ్లేవి. నూకరత్నం వాళ్లందరికీ చెప్పింది. "ఆడు జైల్లో ఉన్నాడు. ఇనస్పెక్టరమ్మే నాతో సెప్పింది. ఇంకేటి బయం?" పోలీసులు చెప్పారన్నాక ఇంక అడిగేదేముంది? జతగా వెళ్లడం ఆగిపోయింది.

వర్షాలు మొదలైన కొత్తలో పైడితల్లి అనే పిల్ల, ఆటో కొని ఏడాది కూడా కాలేదు, హార్బర్ రోడ్డుకు ఒక్కతే బేరం వెళ్లింది. అదే మలుపు. అదే తువ్వాలు. పిల్ల గట్టిది కనుక బండిని గోదాము గోడకేసి కొట్టింది. కాలు విరిగి, స్పృహ తప్పింది. చప్పుడుకు హమాలీలు పరిగెత్తుకొచ్చి వాణ్ని పట్టుకుని స్టేషన్లో అప్పగించారు.

ఇలా నిజంగానే వాడు దొరికాడు. పాత కేసు వాడిమీదే కనుక, నేరవిభాగం వాళ్లు మామూలు పద్ధతిలో నూకరత్నానికి ఫోన్ చేశారు. నిందితుడు పట్టుబడ్డాడు, జైల్లో గుర్తింపు పరేడ్‌కు వచ్చి చూపించాలని చెప్పారు.

హైమవతికి ఈ సంగతి తెలిసేసరికి నూకరత్నం జైలుకు వెళ్లి, వరసగా నిలబెట్టిన మనుషుల్లో వాణ్ని చూపించి, తిరిగి కేంద్రానికి వచ్చేసింది. నేరుగా గదిలోకి వచ్చి నిలబడింది. హైమవతి లేచి నిలబడింది. 

"ఆణ్ని మొన్న పట్టుకున్నారంట," అంది నూకరత్నం.

"అవును."

"మరి మీరు సెప్పినప్పుడు?"

హైమవతి బల్లమీద చేతులు పెట్టి, వాటినే చూస్తూ, "అప్పుడు దొరకలేదు. మీకు అబద్ధం చెప్పాను," అంది.

నూకరత్నం తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆమె తిట్టలేదు. "నేనా మాట పైడితల్లికి సెప్పానండి," అంది చాలా మెల్లగా. "నా నోటితో నేనే సెప్పాను."

వెళ్తూ వెళ్తూ చేతి గాజు తీసి బల్లమీద పెట్టింది. తెరమీద ఆఖరి అంకె పదకొండు. ఇప్పుడామెకు దేనికీ భయం లేదు. ఆమె మొహంలో ఉన్నదానికి శశాంక్ యంత్రంలో అంకె లేదు.

ఆ రోజే హైమవతి కమిషనర్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. అంకెలు దొంగవని ఢిల్లీకి చెప్పేయమంది, తనమీద ఏ చర్య అయినా తీసుకోమంది. ఆయన అంతా విని, కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అంకెలు దొంగవి కావమ్మా. భయం నిజంగానే తగ్గింది. ఏం చెప్పి తగ్గించాలో షరతుల్లో ఎక్కడా లేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "గ్రాంటు పోతే రేపు ఆ పిల్లని ఆసుపత్రినుంచి ఎక్కడికి తీసుకొస్తావు? నీ మనసు తేలికపడ్డానికి వాళ్లని రోడ్డున పడేస్తావా?"

హైమవతి ఢిల్లీ మాట మళ్లీ ఎత్తకుండా సెల్యూట్ చేసి వచ్చేసింది. వసతి మిగిలింది. అందులోనే, కిటికీ పక్క మంచంమీద, కాలికి కట్టుతో పైడితల్లి వచ్చి పడుకుంది. చేతికి గాజు తొడిగారు. అంకె తొంభై ఒకటి. మందులతో దిగలేదు, సుగుణ మాటలతో దిగలేదు. ఎవరు తలుపు తీసినా పిల్ల దుప్పటి గుప్పిట్లో బిగించేది.

ఒక ఉదయం హైమవతి జైలుకు వెళ్లి వాణ్ని చూసి వచ్చి, ఆ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. యూనిఫాం వేసుకోలేదు, మామూలు చీరలో వచ్చింది.

"అమ్మా పైడితల్లీ, వాడు దొరికాడు. జైల్లో ఉన్నాడు. నా కళ్లతో చూశాను."

పైడితల్లి ఆమె మొహంకేసి చూసింది. మంచం పక్క చిన్న తెరమీద తొంభై ఒకటి తొంభై నాలుగయింది.

"నిజం చెబుతున్నానమ్మా."

"అక్కకీ అలాగే సెప్పారు కదండీ," అంది పిల్ల. కోపంగా కాదు, గుర్తుచేస్తున్నట్టుగా అంది.

 పాతికేళ్ల సర్వీసులో హైమవతి ఎంతమందిచేతనో నిజం చెప్పించింది. తాను నిజం చెబితే ఎలా నమ్మించాలో మాత్రం ఆమెకు తెలియలేదు. అలాగే కూర్చుని ఉండగా నూకరత్నం క్యారేజీతో లోపలికి వచ్చింది. హైమవతిని చూసి ఆగింది గానీ పలకరించలేదు. పైడితల్లి మోచేతిమీద లేవబోతూ అడిగింది.

"అక్కా, ఆడు జైల్లో ఉన్నాడా?"

"ఉన్నాడే. నేనెల్లి సూసొచ్చాను. నన్ను సూసి తలొంచేసుకున్నాడు. ఆడేనని ఏలెట్టి సూపించాను."

పైడితల్లి దుప్పటి వదిలేసింది. దిండుమీద తల వాల్చి, చాలా రోజులకు దొరికినంత పెద్ద ఊపిరి తీసింది. నూకరత్నం క్యారేజీ విప్పి అన్నం కలిపి పెడుతుంటే, తెరమీద అంకె మెట్టు మెట్టు దిగుతూ పోయింది. ఆ గదిలో తానెందుకున్నదో తెలియక హైమవతి స్టూలు పక్కకు జరిపి, చప్పుడు కాకుండా బయటికి వచ్చేసింది.

కారిడార్ చివరికి చేరకముందే ఫోన్ మోగింది. శశాంక్. ఎక్కడి గాజు అంకె అయినా వెంటనే అతనికి చేరుతుంది.

"మేడమ్, దేశంలో ఇంత త్వరగా దిగిన కేసు ఇంకొకటి లేదు! మీ సహాయ కేంద్రం పేరు, మీ పేరు రెండూ ఢిల్లీకి వెళ్లిపోయాయి. మిగతా రాష్ట్రాల ఇన్‌స్పెక్టర్లకు మీచేత శిక్షణ ఇప్పిస్తారట. అసలు ఆ అమ్మాయికి ఏం చెప్పారు మేడమ్?"

"నిజం చెప్పాను," అంది హైమవతి. "నమ్మలేదు."

"మరి అంకె తగ్గింది కదా!"

 శశాంక్ శిక్షణ తేదీలు ఒక్కొక్కటే చదువుతూ, మీకు ఏది వీలో చెప్పమని అడుగుతున్నాడు.