పేరు లేని ఫోటోల గది

దుబాయ్ అల్ ఖూజ్‌లో మా గోడౌన్ నాలుగో గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ దాటాక ఆ వైపు ఎవ్వరూ వెళ్ళరు. తప్పనిసరైతే ఇద్దరు కలిసి వెళ్తారు. తలుపు బార్లా తీసి పెట్టుకుని, పని సగంలో ఉన్నా సరే బయటపడతారు.

లోపల పుల్లటి వాసన. అర్ధరాత్రి దాటాక ఎవరో నడిచినట్టు చప్పుడు... ఒక్కరు కాదు, చాలామంది. రాత్రి కాపలా కాసే నూర్ మొహమ్మద్ ఆ తలుపు గొళ్ళేనికి తాయెత్తు కట్టాడు. "అందర్ మత్ జానా సాబ్... బచ్చే హై" అని ఒకరోజు నా చెవిలో అన్నాడు. లోపల పిల్లలున్నారట.

నేను నవ్వాను. నా పేరు రత్నబాబు, పాలకొల్లు దగ్గర మా ఊరు. ఆ గోడౌన్లో సూపర్‌వైజర్ని. జనం పాత కాయితాలు, ఫోటోలు పాడవకుండా దాచిపెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. నాలుగోది చల్లగది, ఎప్పుడూ నాలుగు డిగ్రీలు దాటదు. పాత ఫిల్ము చివికితే పుల్లటి వాసనే వస్తుంది. చప్పుడంటారా, అది కంప్రెసర్ది. దుబాయ్ ఎండలకి దెయ్యం కూడా ఏసీ గదే వెతుక్కుంది, మనకన్నా తెలివైనదే అని అందర్నీ ఆటపట్టించేవాణ్ణి. వారం వారం చర్చికి వెళ్ళేవాడికి దెయ్యాలేమిటి?

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం దయాకర్ నోట విన్నది. మిగతా సగం నేను చూసింది.

ఆ గదికి చెడ్డపేరు 2023లో వచ్చింది, ఆ నలభై పెట్టెలు దిగాకే. ఆదిలాబాద్ అడవుల్లో ఎప్పుడో మూతబడిన ఒక హాస్టలు బడి ఫోటోలవి. గోండు, కోలాం పిల్లల్ని గూడేల నుంచి తెచ్చి అక్కడే ఉంచి చదివించేవారట. అక్కడ కొన్నేళ్ళు పనిచేసిన ఒక దొర, పిల్లల్ని ఒక్కొక్కర్నీ గోడకి ఆనించి నిలబెట్టి ఫోటో తీశాడు. దుబాయ్‌లో ఉంటున్న ఆయన మనవడు పెట్టెలు మాకు పంపి, ఒక్క మాట చెప్పాడు. వెనకాల పేరున్న ఫోటోలు భద్రం చెయ్యాలి. పేరు లేనివి ముక్కలు కోసే మిషన్లో వెయ్యాలి.

పేరు లేనివి రెండు వందల పద్నాలుగు తేలాయి. శనివారం పొద్దున మిషన్ పెట్టాలనుకున్నాం.

దయాకర్ నా దగ్గర స్కానింగ్ చేసేవాడు. ఉట్నూరు అవతల గుట్టల్లో గోండు గూడెం వాళ్ళది. నెమ్మదైన మనిషి, పిలిస్తే తప్ప మాట్లాడడు. మొదటి పెట్టె తెరిచిన రోజు, ఒక ఫోటోలో బడి బోర్డు చూసి అలాగే నిలబడిపోయాడు.

"సారూ... మా మామ గీ బడికే పోయిండు."

మామ అంటే వాళ్ళమ్మ లక్ష్మవ్వకి అన్న. అమ్మని అవ్వ అంటారు వాళ్ళు. కుమ్ర భీము. అరవై ఏళ్ళ కిందట జీపు వచ్చి ఎక్కించుకుపోయిందట. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు, లక్ష్మవ్వకి ఏడు. రెండో వానాకాలంలో బడి నుంచి కబురొచ్చింది, పిల్లాడు పారిపోయాడని. తండ్రి నెల రోజులు అడవంతా తిరిగాడు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

"సచ్చిండని తెలిస్తే కర్మ చేద్దురు సారూ. బతికుండని తెలిస్తే ఎదురుసూద్దురు. మా అవ్వకు రెండూ లేకపాయె."

ఒక్క ఫోటో కూడా లేదట ఆ ఇంట్లో. పేరున్న ఫోటోలన్నీ దయాకర్ వెతికాడు, అందులో కుమ్ర భీము లేడు. ఇక ఉంటే ఆ రెండు వందల పద్నాలుగులో ఉండాలి. మొహం చూసి ఆనవాలు పట్టగలిగింది ఈ భూమ్మీద లక్ష్మవ్వ ఒక్కతే.

"ఒక్క గంట ఫోన్ లోపలికి తెచ్చుకుంట సారూ. వీడియోల అవ్వకు సూపిస్త."

నేను ఒప్పుకోలేదు. మా దగ్గర ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టి రావాలి. ఎవరి ఫోటోలూ బయటికి పోకూడదని కంపెనీ రూలు. దొరికితే ఇద్దరికీ ఉద్యోగం ఖలాస్. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి లోను. "రూలంటే రూలేనయ్యా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

శుక్రవారం రాత్రి దయాకర్‌కి డ్యూటీ పడింది. లోపలికి వచ్చే ముందు గేటు దగ్గర నిలబడి తల్లికి ఫోన్ చేశాడు. రేపు పొద్దున మిషన్ పెడతారని చెప్పాడు.

లక్ష్మవ్వ అందట, "నువ్వు పిలువు బిడ్డా. ఇంటోళ్ళు పిలిస్తే పలుకుతడు."

ఒంటిగంటన్నర అయింది. దయాకర్ జాకెట్ వేసుకుని నాలుగో గదిలోకి వెళ్ళాడు. నూర్ మొహమ్మద్ వద్దన్నా వినలేదు. పొడవాటి బల్ల మీద రెండు వందల పద్నాలుగు ఫోటోలూ వరసగా పరిచాడు. రెండు వందల పద్నాలుగు మంది పిల్లలు పైకి చూస్తున్నారు. అందరికీ ఒకే రకం క్రాఫు... ఒకే రకం చొక్కా.

గోండిలో పిలిచాడు. భీము మామా, నీ చెల్లె పంపింది, ఇంటికి పోదాం రా... అని.

ఏమీ లేదు. కంప్రెసర్ గుర్రుమంటోంది.

మళ్ళీ పిలిచాడు.

కంప్రెసర్ ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం ఆ గదిలో ఎప్పుడూ వినలేదట దయాకర్. తన నోటి నుంచి వచ్చే ఆవిరి తనకే కనపడుతోంది. మూడోసారి పిలిచాడు...

గది చివర, పెట్టెల వెనకాల, సిమెంటు నేల మీద ఉత్త కాళ్ళు కదిలాయి.

తర్వాత ఇటుపక్క. తర్వాత అటుపక్క. ఒక్కసారిగా గదంతా పటపటమని పరుగు. చిన్న చిన్న కాళ్ళు, పదులు కాదు, వందలు. అన్నీ తన వైపే వస్తున్నాయి. దయాకర్ బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడు బల్ల దగ్గరికి వచ్చి ఆగింది.

కళ్ళు తెరిచాడు. ఎవరూ లేరు. కానీ బల్ల అవతల... సరిగ్గా బల్ల ఎత్తులో... చిన్న చిన్న ఆవిర్లు. పరిగెత్తి వచ్చినవాళ్ళు ఒగురుస్తుంటే చలిలో నోటి నుంచి వస్తుందే, ఆ ఆవిరి. ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"మామా... వీళ్ళల్ల నువ్వెవరు?" అన్నాడు మెల్లగా.

ఆవిర్లు ఇంకాస్త దగ్గరికి జరిగాయి.

దయాకర్ తనకి ఎదురుగా ఉన్న ఫోటో తిరగేసి, వెనకాల మెత్తటి పెన్సిల్‌తో కుమ్ర భీము అని రాశాడు. ఫోటోల వెనక పెన్సిల్‌తోనే రాస్తాం మేము, పెన్ను సిరా ముందువైపుకి దిగిపోతుంది. ఆ పెన్సిల్ అక్కడే పడేసి బయటికి పరిగెత్తాడు. నూర్ మొహమ్మద్ తలుపుకి తాళం వేశాడు. తెల్లవారే దాకా దయాకర్ అతని పక్కనే కూర్చుని ఉన్నాడు.

శనివారం ఆరింటికి నేను వచ్చాను. మిషన్ ప్లగ్గు పెట్టి, బల్ల మీద ఫోటోల్ని కట్టలు కడదామని మొదటిది తీశాను. ఎందుకో తిరగేశాను. కుమ్ర భీము.

రెండోది తిరగేశాను. కుమ్ర భీము. మూడోదీ అంతే. పదోదీ, యాభయ్యోదీ...

ఒళ్ళు మండిపోయింది నాకు. పేరుంటే కొయ్యరు కదా, అందుకని రాత్రంతా కూర్చుని అన్నిటికీ ఒకే పేరు రాసేశాడు, నన్ను వెధవని చేద్దామని. పిలిపించి నోటికొచ్చినట్టు తిట్టాను.

దయాకర్ ఎదురు చెప్పలేదు. రాత్రి జరిగింది మొదట్నుంచీ చెప్పాడు. "ఒక్కదానికే రాసిన సారూ. మా అవ్వ తోడు."

"తెల్లారేదాకా నా దగ్గరే ఉన్నాడు సాబ్, తాళం నా దగ్గరే ఉంది" అన్నాడు నూర్ మొహమ్మద్ హిందీలో. ఆ మనిషికి తెలుగు రాయడం రాదు. మా గోడౌన్లో తెలుగు రాసేవాళ్ళం ఇద్దరమే, నేనూ దయాకరూ.

అప్పుడు మళ్ళీ ఫోటోలు తిరగేశాను. ఈసారి నిదానంగా.

దయాకర్ దస్తూరీ నాకు తెలుసు. అది ఒక్క ఫోటో మీదే ఉంది. మిగతావి... వంకర టింకర అక్షరాలు. కొన్ని పెద్దవి, అంచు దాకా పోయి మిగతా సగం కింద రాసినవి. కొన్ని గట్టిగా ఒత్తి, కాయితం చిరిగేలా రాసినవి. కొన్ని దిద్దిందే మళ్ళీ దిద్దినవి. ఏ రెండూ ఒక చెయ్యి కాదు.

చేతిలో ఫోటోలు మెల్లగా బల్ల మీద పెట్టేశాను. భయంతో కాదు. నేను హాస్టల్లో పెరిగినవాణ్ణి, ఆరో తరగతి నుంచి. ఆదివారం ఎవరి ఇంటివాళ్ళో వచ్చి గేటు దగ్గర ఒక పేరు పిలుస్తారు. ఆ పేరు ఎవరిదైనా సరే, గదుల్లోంచి అందరం పరిగెత్తేవాళ్ళం. మన పేరు కాదని తెలుసు, అయినా పరిగెత్తేవాళ్ళం. నా కోసం ఎప్పుడోగాని ఎవరూ వచ్చేవారు కాదు.

ఏడుపొచ్చింది నాకు. దయాకర్ ముందే ఏడ్చాను.

గేటుకి వెళ్ళి నా ఫోన్ నేనే తీసుకొచ్చాను. పోతే పోయింది ఉద్యోగం. వాళ్ళ గూడెంలో అప్పటికి పొద్దెక్కింది. వీడియోలో లక్ష్మవ్వ కళ్ళజోడు సర్దుకుని, ఫోన్‌కి దగ్గరగా కూర్చుంది. రాత్రి జరిగిందంతా తల్లికి చెప్పి దయాకర్ ఫోన్ పట్టుకున్నాడు, నేను ఫోటోలు ఒక్కొక్కటే చూపించాను.

"కాదు బిడ్డా."

ఇంకొకటి.

"గీ పోరడు కాదు."

ఒక్కో మొహం దగ్గర ఆగుతోంది ముసలమ్మ. కొందర్ని తెర మీదే వేలితో తడుముతోంది. వంద దాటాయి, రెండు వందలు దాటాయి. ఆఖరి పది... ఆఖరి మూడు... ఆఖరిది చూపించాను.

లక్ష్మవ్వ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మా అన్న లేడు బిడ్డా వీళ్ళల్ల."

"మళ్ళీ ఒకసారి చూస్తావా అవ్వా?" అన్నాను నేను.

"వద్దు సారూ. మా అన్న మొఖం నాకు ఎరుక లేదా."

దయాకర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఉన్నమాట చెప్పాను. "అయితే ఈ పేరు తప్పవ్వా. చెరిపెయ్యాలి."

"చెరిపితే ఏమైతది?"

"పేరు లేకపోతే... ముక్కలు కోసేస్తారు."

ఫోన్లో అటువైపు ఎక్కడో కోడి కూత వినపడింది.

"మా అన్నను పిలిస్తే గింతమంది ఉరికొచ్చిన్రు" అంది. "వాళ్ళను పిలిచేటోళ్ళు లేకనే కద సారూ. చెరపకు. అందరికీ మా అన్న పేరే ఉండనీ... గిప్పుడు నేనే అందరికీ చెల్లెను."

నేను కంప్యూటర్ ముందు కూర్చుని, లిస్టులో కుమ్ర భీము అని రెండు వందల పద్నాలుగు సార్లు టైపు చేశాను.