ఫెర్న్ క్రీక్‌లో మాయమైన చేపలు

రెడ్‌మండ్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ ఆదిశేషు ఆఫీసులోకి బిందుమాధవి తడిసిన రెయిన్‌కోటుతోనే వచ్చి కూర్చుంది. స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైన ఆమె, తొమ్మిదేళ్లుగా ఫెర్న్ క్రీక్ అనే చిన్న వాగుకి సాల్మన్ చేపల్ని మళ్లీ రప్పిస్తోంది. సముద్రం నుంచి ఎదురీది వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడిచే చేపలవి. ఈ ఏడాది చచ్చిపడినవాటిలో ముప్పై తల్లిచేపలైనా లెక్క తేలకపోతే కౌంటీ అధికారులు ఆ క్రీక్‌ని బాగుచేసే పని వదిలేస్తారు. పద్నాలుగు లెక్కకొచ్చాయి. ఆ తరవాత చచ్చినవి చచ్చినట్టే, ఆమె వెళ్లేసరికి మాయమవుతున్నాయి.

“మగవి దొరుకుతున్నాయి. అడుగున గులకరాళ్లలో తవ్విన గూళ్లున్నాయి, తల్లులే లేవు,” అంది.

“ఆ ముక్క ఇంకెవరితోనూ అనకండి,” అన్నాడు ఆదిశేషు.

అసిస్టెంట్ కావ్యశ్రీ ఆ మాట రాసుకుంది. ఆయన మాటలు రాసిపెట్టుకుంటే తరవాతెప్పుడో అర్థమవుతాయని ఆమెకి మూడేళ్ల అనుభవం.

వెళ్లి చూస్తే ఒడ్డున, దొరికిందల్లా తినే రకూన్లనే చిన్న జంతువులు తిన్న ఆనవాలేదీ లేదు, ముల్లు గానీ పొలుసు గానీ. బురదలో బకెట్ అడుగు దిగిన గుండ్రటి గుర్తు మాత్రం ఉంది.

క్రీక్‌ని ఆనుకుని రెండే ఇళ్లు. మొదటింటి నిశాంత్ కంపు భరించలేక కౌంటీకి మూడు మెయిల్స్ పెట్టానని ఒప్పుకున్నాడు గానీ, ఆ చేపని ముట్టుకోవడం తన వల్ల కాదన్నాడు. రెండో ఇంటి వీరాంజనేయులు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ ఇంజనీరు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. రకూన్లు చామంతి మడి తవ్విపోస్తున్నాయని, అందుకే ఇనుప వల పరిచానని చెప్పుకొచ్చాడు. చేపల సంగతి అడిగితే తల దించుకున్నాడు.

“పాపం, ఆ తల్లుల్ని ఎవరు తీసుకెళ్తారండీ?”

ఆదిశేషు కాఫీ బాగుందని మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అందర్నీ ఆ మడి దగ్గరికే పిలిచాడు.

“కంపుకి తీసేవాడైతే మగవాటినీ తీసేసేవాడు. కాబట్టి నిశాంత్ కాదు. గూడు తవ్వి తవ్వి తోక అరిగి తెల్లబడ్డదే తల్లి. చేత్తో ఎత్తి చూసినవాళ్లకే అది తెలుస్తుంది. పోయినవి తల్లులని మేం మీకు చెప్పలేదు, వీరాంజనేయులుగారూ. రకూన్లు చామంతులు తినవు కూడా. మట్టి కింద చేపల వాసనకే తవ్వాయవి.”

పెద్దాయన మడి గట్టు మీద కూర్చున్నాడు.

“ఒకటి పది రోజులు తిండి లేకుండా గూటికి కాపలా కాసిందండీ. చచ్చాక దాన్నలా వదిలేసి ఇంట్లోకొచ్చి అన్నం తినలేకపోయాను. మరి మిగతావాటినెలా వదిలేస్తాను?”

బిందుమాధవి కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన పక్కనే గట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆ ఒళ్లు నీళ్లలో నానితే పురుగులు పెరుగుతాయి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలకి ఆ పురుగులే ఆహారం.

“పోయాక కూడా పిల్లలకి పెడుతున్నాయి, అన్నయ్యగారూ.”

ఆయన లేచి, వల తీసి, చేతులతోనే మట్టి తవ్వాడు. పంతొమ్మిది చేపలు వరసగా ఉన్నాయి, అన్నిటి తలలూ క్రీక్ ఎగువకే. ముట్టుకోనన్న నిశాంత్ ముక్కు మూసుకుని బకెట్ పట్టుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ మళ్లీ నీళ్లలో పడుకోబెడుతుంటే కావ్యశ్రీ లెక్క రాసింది. ముందటి పద్నాలుగుతో కలిపి ముప్పై మూడు.

వీరాంజనేయులు చేతులు కడుక్కుని, రేపు లెక్కకి తనూ రావచ్చా అని అడిగాడు.

“ఏడింటికి రండి,” అంది బిందుమాధవి. “బకెట్ మాత్రం ఇంట్లో పెట్టి రండి.”