ముందు గది మీది సందు

పడవ పైన పరిచే టేకు డెక్కు పని ఓపికున్నవాడి పని. పలకల మధ్య సందుల్లోంచి పాత రబ్బరు పీకాలి, చెక్కను ఖణేల్మనేలా ఆరనివ్వాలి, ఆ తర్వాతే కొత్త నల్ల రబ్బరు నింపాలి. అదీ పొద్దువాలాకే. ఎండ ఎక్కే వేళ నింపితే చెక్కలోని గాలి వేడెక్కి పైకి తంతుంది, రబ్బరు నిండా బుడగలు లేస్తాయి. ఈ సంగతి తెలిసీ బావమరిది ఎండలోనే కానిచ్చేస్తాడని మేస్త్రి అనుమానం.

షెడ్డుకి బాగుకొచ్చిన ఆ తెరచాప పడవలో, డెక్కు కిందుండే ముందు గది మీదున్న సందు ఒక్కటే రెండుసార్లు బుడగలెత్తింది. రెండుసార్లూ నింపింది బావమరిదే. "పొద్దువాలాకే నింపాను బావా, అక్క మీద ఒట్టు" అన్నాడు. మేస్త్రి పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇకనుంచి నీ తమ్ముడు ఈ షెడ్డు గడప తొక్కడానికి వీల్లేదని పెళ్ళాంతో చెప్పేశాడు.

"అమ్మ పోయాక వాడికి నేనే దిక్కు. నువ్వు వాణ్ణి ఏనాడు నమ్మావు గనక!" అని ఆవిడ అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. మేస్త్రికి ఆ మాట గుచ్చుకుంది. అయినా మెట్టు దిగలేదు.

ఈసారి రబ్బరు నింపే గన్ను తనే పట్టుకున్నాడు. షెడ్డులో వెలుతురు పల్చబడుతోంది. రేకుల మీద సన్నగా వాన. చెక్క పొడి వాసన, రబ్బరు ఘాటు. మోకాళ్ళ మీద జరుగుతూ మూడు సందులు నింపాడు. ముందు గది మీదిదీ నింపి, చదును చేశాడు.

టప్.

ఒక బుడగ. జానెడు అవతల ఇంకొకటి. కాసేపాగి మరొకటి... మనిషి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

నా పనీ చెడగొట్టాలని వీడు కిందనుంచి గాలి కొడుతున్నాడు అనుకున్నాడు మేస్త్రి. డెక్కులో ఉన్న ముందు గది మూత ఎత్తి చూశాడు. చీకట్లో, ఇటు వీపు పెట్టి, బావమరిది చొక్కా.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"చప్పుడైతే చూద్దామని దిగాను బావా..."

"దొరికావు! అక్కడే ఉండు. మీ అక్కని పిలిచి చూపిస్తాను." మూత దించి, పైనుంచి గడియ పెట్టేశాడు.

బుడగలు ఆగలేదు. జోరందుకున్నాయి.

"బావా... ఊపిరాడట్లేదు..."

గొంతు మూత దగ్గరనుంచి రాలేదు. మేస్త్రి మోకాలి కిందనుంచి, ఆ సందులోంచి వచ్చింది. గోరు పట్టని చోటు అది. మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. పాక్కుంటూ వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు.

షెడ్డు తలుపు కిర్రుమంది. గొడుగు విదిలిస్తూ బావమరిది లోపలికొచ్చాడు. "అక్క రమ్మంటోంది బావా. ఇంకా కాలేదా?"

మేస్త్రి చెయ్యి గడియ మీదే బిగుసుకుపోయింది.

సందులోంచి గుసగుస... "బావా... వాడు నేను కాదు."

పదేళ్ళుగా ఆ కుర్రాడి మాట ఒక్కటీ నమ్మని మేస్త్రికి ఇప్పుడు ఎవరినో ఒకరిని నమ్మక తప్పలేదు. బావమరిది నిచ్చెనెక్కి, ఉత్త కాళ్ళతో డెక్కు మీద నడిచొస్తున్నాడు. ఈగ వాలినా అంటుకునే పచ్చి రబ్బరు. నాలుగు సందులూ తొక్కుకుంటూ వచ్చాడు. ఒక్కదాని మీదా అడుగు గుర్తు లేదు.

"ఎవరితో మాట్లాడుతున్నావు బావా?"

మేస్త్రికి ఏడుపొచ్చింది. అయ్యో, నిజమైనవాణ్ణి నా చేత్తోనే కింద వేసి మూశానే! "వస్తున్నానురా... తీస్తున్నాను..." అంటూ గడియ లాగాడు.

సందులో ఆఖరి బుడగ లేచింది. "తియ్యకు బావా... ఆ గదిలో ఉన్నదీ నేను కాదు."

మేస్త్రి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గడియ అప్పటికి సగమే వచ్చింది.

మిగతా సగం దానంతటదే జరిగింది.